వరాహం పేరు పెట్టుకున్న యంత్రం

దశావతారాల సిరీస్‌లో వరాహావతారం వీడియో చూసినవాళ్ళ కోసం ఈ పోస్ట్. వీడియోలో చెప్పడానికి టైం సరిపోని సంగతి ఒకటి ఉంది. అది పురాణంలోది కాదు, 2021లోది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషన్ టెక్నాలజీ వాళ్ళు హిందూ మహాసముద్రం మధ్యలో ఒక యంత్రాన్ని నీళ్ళలోకి దించారు. అది 5,270 మీటర్ల లోతుకి వెళ్ళి, అడుగున ఉన్న మెత్తటి బురద మీద యుద్ధ ట్యాంకులా గొలుసు పట్టాలతో నడిచింది. అక్కడ వెలుతురు ఉండదు. నీళ్ళ బరువు మన ఒంటి మీదుండే గాలి ఒత్తిడికి ఐదు వందల రెట్ల పైనే ఉంటుంది. అంత లోతులో అలాంటి యంత్రాన్ని నడిపించడం చిన్న విషయం కాదు. దాని పేరు వరాహ-1.

ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకి తీసుకెళ్ళడానికి అదే సంస్థ తయారుచేస్తున్న వాహనం పేరు మత్స్య-6000. పేర్లు పెట్టినవాళ్ళకి కథలు బాగానే తెలుసు. ఒక ఇంజినీరుగా నాకు గర్వంగానే ఉంది, దాచుకోను. కానీ దేవుడి పేరు పెట్టుకున్నాక ఆ దేవుడి కథ మనల్ని ఒక ప్రశ్న అడగకుండా ఊరుకోదు కదా. వరాహస్వామి సముద్రం అడుగుకి ఎందుకు వెళ్ళాడు? హిరణ్యాక్షుడు తీసుకెళ్ళి నీళ్ళలో పడేసిన భూదేవిని కోరల మీద ఎత్తుకొచ్చి, మళ్ళీ ఆవిడ చోట ఆవిడని నిలబెట్టడానికి. మన వరాహ వెళ్తున్నది, లక్షల ఏళ్ళుగా తన చోట తాను ఉన్నదాన్ని అక్కణ్ణుంచి పైకి తేవడానికి. దిగడం ఒకటే, ఎత్తడం ఒకటే. పని మాత్రం ఒకటి కాదేమో అని నాకు అనుమానం. ఆ అనుమానం ఎంతవరకు నిజమో చూద్దామనే ఇదంతా రాస్తున్నాను.

ముందు అసలు అక్కడ ఏముందో చెప్పుకుందాం. నాడ్యూల్స్ అనే నల్లటి గడ్డలు. బంగాళదుంప సైజులో, నిప్పుల్లో కాల్చిన దుంపలా గరుగ్గా ఉంటాయి. మాంగనీసు, ఇనుము ఎక్కువ. నికెల్, రాగి ఒక్కొక్క శాతం చొప్పున, కోబాల్ట్ ఇంకా తక్కువ. మన దేశానికి వీటి మీద ఆసక్తి ఇప్పటిది కాదు. 1981 జనవరి 26న గవేషణి అనే మన పరిశోధన నౌక అరేబియా సముద్రంలోంచి మొదటి గడ్డని తీసింది. 1987లో ఐక్యరాజ్య సమితి దగ్గర ఈ అన్వేషణకి పయనీర్‌గా నమోదైన మొదటి దేశం మనదే. 2002లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం కుదిరింది. ఇప్పుడు మన చేతిలో ఉన్న ప్రాంతం 75,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం. అందులో 38 కోట్ల టన్నుల గడ్డలు ఉన్నాయని అంచనా. 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ డీప్ ఓషన్ మిషన్‌కి ఐదేళ్ళకి 4,077 కోట్ల రూపాయలు కేటాయించింది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ ఒప్పందం వెతకడానికి మాత్రమే. తవ్వి అమ్ముకోవడానికి ఆ సంస్థ ఇప్పటిదాకా ఏ దేశానికీ, ఏ కంపెనీకీ ఒప్పందం ఇవ్వలేదు.

ఈ గడ్డ ఎలా పుడుతుందో తెలిస్తే మీకు సాలగ్రామం గుర్తొస్తుంది. ఎప్పుడో చచ్చిపోయిన సొరచేప పన్నో, చిన్న రాతి ముక్కో అడుగున పడి ఉంటుంది. నీళ్ళలో కరిగి ఉన్న లోహాలు దాని చుట్టూ పొర మీద పొరగా పేరుకుంటాయి. ఎంత నెమ్మదిగా అంటే, పది లక్షల ఏళ్ళకి కొన్ని మిల్లీమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే, కలియుగం మొత్తం 4,32,000 ఏళ్ళు. యుగం మొదలు నుంచి చివరిదాకా కూర్చుంటే ఆ గడ్డ పెరిగేది ఒకటి రెండు మిల్లీమీటర్లు. కలియుగంలో ఇప్పటిదాకా గడిచాయని చెప్పే ఐదువేల పైచిలుకు ఏళ్ళలో అది తల వెంట్రుక మందం కూడా పెరగలేదు. అరచేతిలో పట్టే గడ్డ ఒకటి తయారవడానికి రెండు మూడు మహాయుగాలు పట్టొచ్చు. యుగాల లెక్కలు వినగానే నవ్వే ఫ్రెండ్స్ నాకూ ఉన్నారు. ఈసారి వాళ్ళకి ఈ గడ్డ గురించి చెప్పండి.

మనం పూజలో పెట్టుకునే సాలగ్రామం కూడా ఒకప్పటి సముద్రం అడుగుదే. హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే ప్రాణి గుల్ల రాయిగా మారి, గండకీ నదిలో దొరుకుతోంది. నల్లటి రాయిలో కాలాన్ని చూసి చేతులు జోడించిన జాతి మనది. ఇక్కడ అలాంటి రాళ్ళు కోట్ల టన్నులున్నాయి అంటే ముందు మనకి టన్నుల లెక్కే వినిపించింది.

సరే, రాయి రాయే కదా, తీస్తే ఏమవుతుంది? అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ అడుగున కిలోమీటర్ల కొద్దీ మెత్తటి బురద. ఆ బురదలో గట్టిగా పట్టుకుని నిలబడగలిగే చోటు ఈ గడ్డలే. స్పాంజిలు, పగడాల జాతులు, సముద్రపు పువ్వుల్లాంటి జీవులు గడ్డల మీదే పాతుకుని బతుకుతాయి. పసిఫిక్‌లో నాలుగు కిలోమీటర్లకి పైగా లోతులో ఒక రకం ఆక్టోపస్ గుడ్లు ఎక్కడ పెడుతుందో శాస్త్రవేత్తలు 2016లో రాశారు. గడ్డ మీద పెరిగి చచ్చిపోయిన స్పాంజి కాడ చుట్టూ గుడ్లు పెట్టి, వాటిని తన ఒంటితో చుట్టుకుని కాపలా కాస్తుంది. గడ్డ లేకపోతే స్పాంజి లేదు, స్పాంజి కాడ లేకపోతే గుడ్లకి చోటు లేదు. ఇలాంటి గొలుసులు అక్కడ ఇంకెన్ని ఉన్నాయో. పసిఫిక్‌లో క్లారియన్ క్లిప్పర్టన్ అనే ప్రాంతంలో అడుగున ఐదు వేలకు పైగా జాతులు ఉండొచ్చని 2023లో ఒక అంచనా వచ్చింది. వాటిలో పదింట తొమ్మిదింటికి శాస్త్రంలో ఇంకా పేరు కూడా లేదు. అష్టోత్తరం చదవడానికి కూడా ముందు పేర్లుండాలి కదండి.

యంత్రం వెళ్ళి గడ్డలు ఏరుకోవడం అంటే మనం చేలో వేరుశనక్కాయలు ఏరినట్టు ఉండదు. పైపొర బురదతో సహా పీల్చేస్తుంది. జీవం ఎక్కువగా ఉండేది ఆ పైపొరలోనే. లేచిన మడ్డి మబ్బులా పాకి, యంత్రం తొక్కని చోట కూడా పడుతుంది. నీటిలోంచి ఆహారం వడగట్టుకు తినే జీవులకి అది నోట్లో మట్టి కొట్టడమే. గడ్డల్ని గొట్టంలో ఓడ మీదకి లాగాక, మిగిలిన మురికి నీటిని మళ్ళీ సముద్రంలోకి వదలాలి. ఏ లోతులో వదిలితే ఎవరికి తక్కువ నష్టం అన్నది ఇంకా వాదన జరుగుతున్న విషయం. చీకట్లో శబ్దాన్ని నమ్ముకుని బతికే వాటికి ఆ మోత వేరే గోల.

ఇవన్నీ భయాలు కావు, కొంత పరీక్ష చేసి చూసినవే. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ దగ్గర పసిఫిక్ అడుగున ఒక నాగలిలాంటి దాన్ని లాగి వదిలేశారు. 2015లో, అంటే 26 ఏళ్ళ తర్వాత, వెళ్ళి చూస్తే ఆ చాళ్ళు నిన్న దున్నినట్టే ఉన్నాయి. మన చేలో దుక్కి చాలు ఒక్క వానకి పోతుంది. 1979లో క్లారియన్ క్లిప్పర్టన్‌లో ఒక మైనింగ్ యంత్రాన్ని నడిపి చూశారు. 44 ఏళ్ళ తర్వాత కూడా దాని జాడలు అలాగే ఉన్నాయని 2025లో ప్రచురించారు. చిన్న చిన్న ప్రాణులు కొన్ని తిరిగొచ్చాయి, అది కూడా చెప్పాలి. పెద్దవి, గడ్డల మీద పాతుకుని బతికేవి మాత్రం పెద్దగా రాలేదు. మనవాళ్ళు కూడా 1997లో హిందూ మహాసముద్రంలో ఇలాంటి ప్రయోగం చేసి, తర్వాత కొన్నేళ్ళు గమనించారు. ఇవన్నీ చాలా చిన్న జాగాల్లో, కొద్ది రోజులు చేసినవి. అసలు వ్యాపారం మొదలైతే ఒక్కో యంత్రం ఏళ్ళ తరబడి తిరుగుతుంది.

ఇప్పుడు అవతలి వాదన. దాన్ని తేలిగ్గా తీసిపారేస్తే నేను నిజాయితీగా రాసినట్టు కాదు. పెట్రోలు తగ్గాలంటే బ్యాటరీలు కావాలి. బ్యాటరీలకి నికెల్, కోబాల్ట్ కావాలి. ప్రపంచంలో సగానికి పైగా కోబాల్ట్ కాంగో గనుల నుంచి వస్తోంది, అక్కడ పిల్లలు కూడా పనిచేస్తున్నారని ఎన్నో ఏళ్ళుగా తెలుస్తోంది. నికెల్ కోసం ఇండోనేషియాలో అడవులు పోతున్నాయి. ఇక్కడ కూడా గని వచ్చిందంటే ముందు ఊరొదిలేది గిరిజనులే. సముద్రం అడుగున ఊళ్ళు లేవు, అడవుల్లేవు, ఎవరినీ ఖాళీ చేయించక్కర్లేదు. పైగా ఈ లోహాల కోసం మన దేశం బయటివాళ్ళ మీద ఆధారపడి ఉంది. వాళ్ళు కుళాయి కట్టేస్తే మన ఫ్యాక్టరీలు ఆగుతాయి. ఈ మాట అనేవాళ్ళందరూ హిరణ్యాక్షులు కాదు. వాళ్ళలో చాలామంది దేశం కోసం ఆలోచించేవాళ్ళే.

ప్రకృతిని ముట్టుకోకూడదు అనే మాట నేను అనలేను కూడా. మాది నిడదవోలు. మా ఊరు ఇలా పచ్చగా ఉందంటే ఒక ఇంజినీరు గోదావరికి అడ్డంగా కట్టిన గోడ వల్ల. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. విజ్జేశ్వరం దగ్గర నుంచి కాలువలు మా వైపు పారాయి. అంతకుముందు గోదావరి పక్కనే ఉండి కూడా జనం కరువుతో చచ్చిన రోజులున్నాయి. అందుకే గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంటుంది. పుష్కరాల్లో పితృదేవతలతో పాటు ఆయనకి తర్పణాలు వదిలేవాళ్ళు కూడా ఉన్నారు. పరాయి దేశం దొరకి తర్పణం ఏంటి అని నవ్వేవాళ్ళకి మా పెద్దవాళ్ళు చెప్పే సమాధానం ఒకటే, తింటున్నది ఎవరి అన్నం అని.

ఆ గోడకీ ఒక మూల్యం ఉంది. పులస. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వచ్చే చేప, ధవళేశ్వరం దగ్గర ఆగిపోవాల్సిందే. ఇంతకుముందు ఇంకా పైకి వెళ్ళేది. ఇప్పుడు ఏటికేడు తగ్గిపోయి, ఒక్క చేప వేలల్లో పలుకుతోంది. దానికి ఆనకట్ట ఒక్కటే కారణం కాదు, వలలూ ఉన్నాయి, కాలుష్యమూ ఉంది. శాకాహారులు క్షమించాలి, మా వైపు పులస ప్రస్తావన లేకుండా గోదావరి గురించి మాట్లాడలేం.

మరి ఆనకట్టకి తర్పణం ఇచ్చి, సముద్రపు యంత్రాన్ని అనుమానించడం ఏం న్యాయం? నేను చాలా రోజులు ఆలోచించిన ప్రశ్న ఇది. తేడా ఎక్కడుందంటే, ఆనకట్ట మన కళ్ళ ముందు ఉంది. దానివల్ల లాభపడ్డవాడూ, నష్టపోయిన జాలరీ ఒకే ఒడ్డున ఉంటారు, పోట్లాడుకోగలరు. పాతబడిందంటే దాని స్థానంలో బ్యారేజీ కట్టాం. చేపల కోసం దారి వదలండి అని రేపు ఎవరైనా గట్టిగా అడిగితే, చెయ్యడానికి ఏదో ఒకటి ఉంది. తప్పు జరిగితే తెలుస్తుంది, తెలిస్తే దిద్దుకోవచ్చు.

కోనసీమ పెద్దవాళ్ళని అడిగితే పాశర్లపూడి గురించి చెప్తారు. 1995 జనవరిలో అక్కడ ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగింది. భూమిలోంచి గ్యాస్ ఎగదన్ని మంట అంటుకుంది. ఆర్పడానికి రెండు నెలలు పైన పట్టింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేశారు. రాత్రిళ్ళు దూరం ఊళ్ళకి కూడా ఆ వెలుగు కనపడేదట. కింద ఉన్నదాన్ని పైకి తియ్యడం అంటే ఏంటో గోదావరి జిల్లాలకి ఆ రోజు తెలిసింది. కానీ చూడండి, ఆ మంట అందరికీ కనిపించింది. పేపర్లలో వచ్చింది, ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సొచ్చింది. ఐదు కిలోమీటర్ల లోతులో, ఒడ్డుకి వేల కిలోమీటర్ల దూరంలో జరిగేదానికి పొగ కూడా రాదు.

ఇక్కడ నేను మీకు ఒక అబద్ధం చెప్పొచ్చు. ఆ తవ్వకం వల్ల రేపు అంతర్వేదిలో వలల్లో చేపలు పడవు, కాకినాడ మునిగిపోతుంది అని రాస్తే పోస్ట్ బాగా షేర్ అవుతుంది. కానీ మన దేశం చేతిలో ఉన్న ప్రాంతం భూమధ్యరేఖకి కింద, మన తీరానికి చాలా దూరంలో ఉంది. అక్కడి మడ్డి మన గోదావరి నోటిదాకా వస్తుందని అనడానికి ఆధారం లేదు. కాబట్టి ప్రశ్నని ఉన్నదున్నట్టు పెట్టుకుందాం. మనకి ఏ నష్టమూ రాదనే అనుకోండి. ఏ మనిషికీ రాదనే అనుకోండి. అప్పుడు కూడా అది తప్పేనా?

కాలేజీలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ అని ఒక పేపర్ ఉండేది, పాసయ్యాం, మర్చిపోయాం. అందులో ఎప్పుడూ ఒకటే లెక్క, పర్యావరణాన్ని కాపాడితే మనిషికి లాభం అని. ఈ ప్రశ్నకి ఆ లెక్క సరిపోదు. మన సంప్రదాయంలో దీనికి ఒక మాట ఉంది, ఋణం. మనిషి పుట్టగానే అప్పుతో పుడతాడని చెప్పారు. దేవతలకి, ఋషులకి, పితరులకి. రోజూ చెయ్యమన్న ఐదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. అంటే మనం తినేముందు మిగతా ప్రాణులకి ఇంత పెట్టడం. గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గు వెయ్యడానికి చీమలు తింటాయని కారణం చెప్పే నాయనమ్మలు మనలో చాలామందికి ఉన్నారు. చీమ వల్ల మనకేంటి లాభం అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు ఇంకా కటువుగా చెప్తాడు. ఇచ్చినవాళ్ళకి తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాడిని దొంగ కిందే లెక్కకడతాడు. వరాహస్వామిని యజ్ఞవరాహం అని పిలవడం కూడా ఊరికే కాదు. ఆయన శరీరంలో ఒక్కో భాగం యజ్ఞంలో ఒక్కో అంగం అని భాగవతం వర్ణిస్తుంది. తీసుకోవడం, తిరిగి ఇవ్వడం అనే చక్రమే రూపం కట్టుకుని భూమిని ఎత్తింది అన్నమాట.

తీసుకోవడం తప్పని మన శాస్త్రాలు ఎక్కడా అనలేదు. అప్పుగా తీసుకోమన్నాయి. అప్పు అంటే తీర్చే దారి ఉండాలి. చెట్టు కొడితే మొక్క నాటొచ్చు, మన మనవడి కాలానికి నీడ వస్తుంది. చెరువు పూడిస్తే ఇంకో చెరువు తవ్వొచ్చు. నదిలో ఇసుక తీస్తే వరద మళ్ళీ కొంత తెస్తుంది, మనం వరద తెచ్చేదానికన్నా ఎక్కువ తీస్తున్నాం అన్నది వేరే గొడవ. ఈ గడ్డని తీస్తే తిరిగి రావడానికి మహాయుగాలు పట్టాలి. హోమ్ లోన్‌కి ముప్పై ఏళ్ళంటేనే మనం రాత్రిళ్ళు లెక్కలేస్తాం. కలియుగం అయిపోయినా తీరని బాకీకి అప్పు అనే పేరు ఎలా పెడతాం?

భూమి మీద గనికి కూడా ఇదే వర్తిస్తుంది కదా అంటారా? నిజమే, వర్తిస్తుంది. ఇనప ఖనిజం కూడా తిరిగి రాదు. అందుకే నేను ఋణం మాట ఒక్కదాంతో ఆగలేను. దానికి తోడు ఇంకోటుంది, తెలియకపోవడం. భూమి మీద గనిలో ఏం పోగొట్టుకుంటున్నామో మనకి తెలుసు, తెలిసి తప్పు చేస్తున్నాం. అడుగున ఏం పోతోందో తెలియదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఒక రాయని రూల్ ఉంది, శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో ఏదీ మార్చకూడదని. మార్చాల్సొస్తే ముందు అడిగేది రోల్‌బ్యాక్ ప్లాన్ ఏంటని. ఏదైనా పాడైతే పాత స్థితికి తీసుకెళ్ళే దారి లేకుండా బటన్ నొక్కేవాణ్ణి ఏ టీమూ ధైర్యవంతుడు అనదు. సముద్రం అడుగున బ్యాకప్ లేదు. క్లారియన్ క్లిప్పర్టన్‌లోనే పది జాతుల్లో తొమ్మిదింటికి మనం ఇంకా పేరు పెట్టలేదు. తెలియకుండా చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం ఉంది అంటారు. తెలియదని తెలిసీ చేసినదానికి?

దీనికి జవాబు నాకు సింహాచలంలో దొరుకుతుంది. అక్కడున్నది కూడా వరాహస్వామే, వరాహ లక్ష్మీనరసింహుడు. ఏడాది పొడుగునా చందనం పూత కింద ఉంటాడు. అక్షయ తృతీయ ఒక్కరోజు ఆ చందనం తీసి నిజరూప దర్శనం ఇస్తారు. తర్వాత మళ్ళీ కప్పేస్తారు. ఆ ఒక్కరోజు కోసం లక్షమంది క్యూలో నిలబడతారు. ఎవరూ మిగతా రోజుల్లో కూడా తీసేసి ఉంచొచ్చు కదా అని అడగరు. చూడాలనే కోరిక తప్పు కాదు. చూసి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ కప్పి రావడం కూడా ఆ దర్శనంలో భాగమే.

అందుకే మత్స్య-6000 ఆరు వేల మీటర్ల లోతుకి దిగే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను. దిగాలి. ఆ రెండు మీటర్ల టైటానియం గోళంలో కూర్చుని మనవాళ్ళు కిందకి వెళ్ళాలి, ఫొటోలు తియ్యాలి, పేర్లు లేని ప్రాణులకి పేర్లు పెట్టాలి. వాటిలో కొన్నిటికి సంస్కృతం, తెలుగు పేర్లు వస్తే ఇంకా సంతోషం. వరాహ కూడా దిగి, యంత్రం అడుగున ఏం చేస్తుందో, ఎంతకాలం జాడ ఉంటుందో కొలవాలి. డీప్ ఓషన్ మిషన్‌లో జీవవైవిధ్యాన్ని చదవడం కూడా ఒక భాగమే, దానికి డబ్బు ఇంకా పెంచినా నేను పన్ను కడతాను. తవ్వకం మొదలుపెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను. గడ్డలు ఎక్కడికీ పోవు. వంద ఏళ్ళు ఆగితే వాటికి ఏమీ కాదు, మనకి తెలివి పెరుగుతుంది.

ప్రపంచం మాత్రం ఆగే మూడ్‌లో లేదు. తీరదేశాల హద్దులు దాటిన సముద్రం అడుగు మానవాళి ఉమ్మడి వారసత్వం అని 1982 నాటి సముద్ర చట్టం చెప్తుంది. దాన్ని చూసుకునే సంస్థ జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉంది. 2021లో నౌరు అనే చిన్న ద్వీపదేశం, రెండేళ్ళలో రూల్స్ తేల్చండి అని గంట కొట్టింది. గడువు 2023 జులైలో దాటిపోయింది, రూల్స్ తేలలేదు. 2025 ఏప్రిల్ 24న అమెరికా అధ్యక్షుడు ఆ సంస్థతో సంబంధం లేకుండా తమ దేశపు పాత చట్టం కింద అనుమతులిచ్చేందుకు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. అమెరికా ఆ సముద్ర చట్టంలో సభ్య దేశం కాదు. ఇంకోపక్క ఫ్రాన్స్, జర్మనీ లాంటి 30కి పైగా దేశాలు ప్రస్తుతానికి ఆపండి అంటున్నాయి. ఆ జాబితాలో మన దేశం లేదు. ఉమ్మడి ఆస్తి అంటే ఏంటో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అన్నదమ్ములందరూ సంతకం పెట్టకుండా ఒకడు పొలం అమ్మేస్తే ఊరు ఏమంటుందో కూడా తెలుసు. ఇక్కడ సంతకం పెట్టాల్సినవాళ్ళలో ఇంకా పుట్టనివాళ్ళే ఎక్కువ.

మనం తియ్యకపోతే చైనా తీస్తుంది అనే మాట తప్పకుండా వస్తుంది. రావచ్చు. పక్కవాడు తీస్తాడు కాబట్టి ముందు నేనే తీస్తాను అనే తర్కంతోనే మా వైపు చాలా చెరువులు పోయాయి. ఆపండి అనే దేశాలతో కలిసి రూల్స్ గట్టిగా రాయించడానికి మనకి మంచి అర్హత ఉంది. నలభై ఏళ్ళకి పైగా ఆ గడ్డల్ని చదువుతున్నవాళ్ళం మనం.

మరి బ్యాటరీల సంగతి? అది కూడా ముందు అనుకున్నంత ముడిగా లేదు. ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసే ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీల్లో నికెల్, కోబాల్ట్ ఉండవు. 2024లో ప్రపంచవ్యాప్తంగా ఎలక్ట్రిక్ కార్లలోకి వెళ్ళిన బ్యాటరీల్లో దాదాపు సగం అవే. మన రోడ్ల మీద తిరిగే ఎలక్ట్రిక్ కార్లలో కూడా చాలా వాటిలో అవే ఉన్నాయి. కోబాల్ట్ మన ఫోన్లలో, లాప్‌టాప్‌లలో కూడా ఉంటుంది. పాత బ్యాటరీలు, పాత ఎలక్ట్రానిక్స్ నుంచి ఇలాంటి లోహాలు తిరిగి తీసే పరిశ్రమకి 2025 సెప్టెంబరులో కేంద్రం 1,500 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. దానికి ముడిసరుకు మన ఇళ్ళల్లోనే ఉంది. నా అలమరలో చచ్చిపోయిన ఫోన్లు మూడు ఉన్నాయి, మా అమ్మ దగ్గర నిడదవోల్లో ఇంకో రెండు. ఎందుకు దాచావమ్మా అంటే, ఎప్పటికైనా పనికొస్తాయిరా అంటుంది.